నాలుగో పేజీ

కల్నల్ క్రాండల్ నోట్లోని పొగాకు ఊశాడు. ఉమ్మితొట్టిలో పడలేదు. నేల మీది మరకను బూటుతో రాసి, ఎదురుగా ఉన్న ముసలాయన వైపు చూశాడు.

"ఆరు నెలలు నేల ఖాళీగా వదిలేస్తే ఎవరైనా దావా వేయొచ్చు గున్నార్. చట్టం అది. పత్రికలో ఆరు వారాలు ప్రకటన పడాలి. నా పత్రికలోనే పడింది. నువ్వు చదవకపోతే నా తప్పా?"

గున్నార్ టోపీని చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు. చలికాలమంతా గనుల్లో పనిచేసి, జత ఎద్దుల్ని తోలుకుని ఆ ఉదయమే ఊళ్ళోకి వచ్చాడు. ఏటి ఒడ్డున ఆయన దున్నిన నూట అరవై ఎకరాలు ఇప్పుడు కల్నల్ పేర ఉన్నాయి.

"నాకు ఇంగ్లీషు చదవడం రాదు కదయ్యా. మా ఆవిణ్ణి పాతిపెట్టుకుంది కూడా అక్కడే."

"సమాధి జోలికి నేను రానులే."

ప్రెస్సులో అక్షరాలు కూర్చే బల్ల దగ్గర లావినియా తల ఎత్తలేదు. ఆ ప్రకటన కూర్చింది తనే. ఒక్కో సీసపు అక్షరం తన వేళ్ళతోనే ఏరింది. గున్నార్ పేరు గుర్తుపట్టింది కూడా. భర్త పోయాక ఎల్క్ ఫోర్డ్ ఊళ్ళో దొరికిన ఒకే ఒక్క ఉద్యోగం అది. అందుకని నోరు మూసుకుంది. ఆ రోజు వేళ్ళ నలుపు ఎంత రుద్దినా వదల్లేదు.

క్రాండల్ ఏనాడూ సైన్యంలో లేడు. కల్నల్ అన్న బిరుదు తన పత్రికలో తనే వేసుకున్నాడు. ఊరి సభలో సభ్యుడయ్యాడు. ఇప్పుడు కౌంటీ కమిషనర్ పదవికి నిలబడ్డాడు.

గున్నార్ నేల మీద అతను కాలైనా పెట్టలేదు. దావా వేసినవాడు అక్కడ ఇల్లు కట్టాలని చట్టం కాబట్టి, గడ్డిలో ఒక చెక్కపెట్టె మాత్రం పెట్టించాడు. పన్నెండు అంగుళాలు, పద్నాలుగు అంగుళాలు. "పన్నెండు బై పద్నాలుగు ఇల్లు కట్టానని ప్రమాణం చేశాను. అడుగులో అంగుళాలో నన్నెవడూ అడగలేదు" అని సారాకొట్టులో చెప్పి నవ్వించేవాడు.

గున్నార్‌ని జాలిపడి ప్రెస్సు చక్రం తిప్పే పనిలో పెట్టుకున్నాడు. ఆ వారమే మొదటి పేజీలో 'దయామయుడు' అని వ్యాసం వచ్చింది. రాసింది తనే. పై వారం 'ఒక వితంతువు' పేరుతో ఉత్తరం వచ్చింది. కల్నల్ లాంటి అన్న ఊరికొకడుండాలట. అదీ అతని రాతే. నిజం వితంతువైన లావినియా దాన్ని అక్షరం పొల్లుపోకుండా కూర్చి, పెరట్లోకి వెళ్ళి ఉమ్మి వచ్చింది.

సెప్టెంబరు చివర్లో గున్నార్ బండి కట్టుకుని, రైలూ భూముల ఆఫీసూ ఉండే ఊరికి కాగితం కట్టలు తేవడానికి వెళ్ళాడు. ఒక రోజు ఆలస్యంగా తిరిగొచ్చాడు.

"దారిలో సారా పీపా ఏదైనా అడ్డమొచ్చిందా ముసలోడా?" అన్నాడు కల్నల్.

"వయసయ్యా" అన్నాడు గున్నార్.

ఆ గురువారం లావినియా ప్రూఫు పట్టుకొచ్చింది. "మొదటి పేజీ అండీ. నాలుగో పేజీ కూడా చూస్తారా?"

"అందులో ఏముంటుంది? భూముల గోల, తప్పిపోయిన గాడిదలూ. అది చదివేవాడెవడు? నా పేరు ఇంకాస్త పెద్దక్షరాల్లో పెట్టు."

పెట్టింది. మరుసటి వారం మళ్ళీ అడిగింది. ఆ పై వారమూ అడిగింది.

"ఏమిటమ్మా నీ చాదస్తం? ఎన్నికల్లో తల మునకలై నేనుంటే!"

"అడగడం నా పనండీ" అంది.

ఎన్నికల ముందు రోజు కల్నల్ సభలో గున్నార్‌ని బండి మీద నిలబెట్టారు. "ఈయన నాకు రొట్టె పెట్టాడు" అని ఆయన తన బూట్లకేసి చూస్తూ నేర్పిన మాట అప్పజెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. కల్నల్ కళ్ళు తుడుచుకున్నాడు.

కల్నల్ గెలిచాడు. రెండు రోజుల తర్వాత ప్రెస్సు గది నిండా విస్కీ వాసన, భుజాలు తట్టేవాళ్ళు. కోటు మీది మంచు దులుపుకుంటూ భూముల ఆఫీసు గుమాస్తా లోపలికొచ్చాడు. అభినందించడానికే అనుకుని కల్నల్ చెయ్యి చాచాడు.

గుమాస్తా ఆ చెయ్యి దాటి వెళ్ళాడు. "గున్నార్ అంటే ఎవరు?"

చక్రం దగ్గరున్న ముసలాయన కాగితం అందుకుని, చదివి పెట్టమని లావినియాకిచ్చాడు.

కల్నల్ పగలబడి నవ్వాడు. "ఈసారి ఎవడి నేల ఎగిరిపోయిందట? చెప్పండి, వార్త వేద్దాం."

లావినియా చేతులు తుడుచుకుని, కాగితం ఆసాంతం చదివి, మడిచి గున్నార్ జేబులో పెట్టి, కల్నల్ వైపు తిరిగింది.

"ఏటి ఒడ్డున మీ నేలేనండీ, ప్రకటన ఆరు వారాలూ మన నాలుగో పేజీలోనే వేశాను."