కాశీలో వదిలింది

సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు దిగుతూ జంగయ్య భార్యను అడిగాడు. "కాశీల నేనైతే వంకాయ వదిలిన. నువ్వేం వదిలినవే?"

"కాకరకాయ" అంది శ్యామలమ్మ.

"ఇష్టమున్నదే వదలాలె గదా! కాకరకాయ నువ్వెన్నడు తిన్నవే?"

ఆమె కొంగు సర్దుకుని రైలు దిగింది.

యాత్ర పొడుగునా ఆమెతో ఆయనకు పరేషానే. బదరీలో అందరూ మంచుకొండలు చూస్తుంటే ఆమె సాధువుల ముఖాలు చూసింది. అయోధ్య వీధుల్లో గడ్డం ఉన్న ప్రతి కుర్రాడి ముందూ ఆగింది. ఇల్లు విడిచి వెళ్లిపోయిన కొడుకు ఎక్కడో సన్నాసుల్లో కలిసి ఉంటాడని ఆమె నమ్మకం. "వాడింక రాడు. జెర ఆ కొండల దిక్కు సూడే" అని ఆయన కసురుతూనే ఉన్నాడు. ఆఖరి మజిలీ కాశీ.

ప్లాట్‌ఫారం మీద గడ్డం కుర్రాడొకడు ఆమె భుజానికి తగిలి, "సారీ అమ్మా" అంటూ జనంలో కలిసిపోయాడు.

శ్యామలమ్మ తలెత్తలేదు. సంచి చంకన పెట్టుకుని మెట్ల వైపు నడిచింది.

జంగయ్య కాళ్లు ఆగిపోయాయి. కాశీలో ఆమె వదిలింది కాకరకాయ కాదు.

ఆయన గబగబా వెనక్కి తిరిగాడు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి, ఆ కుర్రాడి ముఖం తనే చూశాడు.