బార్లీ లేని బీరు

వంటింటి బల్ల మీద నాలుగు సీసాలు, నాలుగు గాజు గ్లాసులు, పక్కన మంచినీళ్ల చెంబు. ఆమె జన్మలో బీరు తాగి ఎరగదు. ఇవాళ పొద్దుటి నుంచీ ఇదే పని.

"నలభై ఏళ్ల కాపురంలో నాకొక్క గ్లాసు పోసిన పాపాన పోలేదు," అన్నాడు భర్త. "అబ్బాయి పెళ్లనేసరికి ఇల్లే బారైపోయింది."

"మాటలాపి రుచి చూడండి. నా నోటికి అన్నీ చేదే."

అబ్బాయి ఒంటికి గ్లూటెన్ పడదు. గోధుమలో, బార్లీలో ఉండే ఆ జిగురు రవ్వంత లోపలికి పోయినా రెండు రోజులు మంచం దిగడు. రేపు రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి, తర్వాత విందు. అమ్మాయి వైపు వాళ్లంతా బీరు గ్లాసులెత్తి దీవిస్తారట. తనకు నీళ్లు చాలన్నాడు అబ్బాయి. సొంత పెళ్లిలో పరాయివాడిలా నీళ్ల గ్లాసు పట్టుకుని నిలబడటమేమిటని ఆమెకు మనసొప్పలేదు. నిన్న షాపుకు వెళ్లి, గ్లూటెన్ లేని బీర్లు ఎన్ని రకాలుంటే అన్నీ తెచ్చింది.

"మీ అబ్బాయికా అమ్మగారూ?" అన్నాడు షాపతను.

"ఆఁ, మా అబ్బాయికే."

"అయితే ఇది పట్టుకెళ్లండి. తాగితే మామూలు బీరుకీ దీనికీ తేడా చెప్పలేరు."

ఇవాళ దాన్ని గ్లాసులో పోశాక కళ్లజోడు పెట్టుకుని సీసా వెనక సన్నక్షరాలు చదివింది. బార్లీతోనే చేసి, ఆ తర్వాత గ్లూటెన్ తగ్గించారట.

"నాలుగింట్లో రుచి దీనిదే," అన్నాడు భర్త గ్లాసు దించుతూ.

"రేపు పెళ్లి, ఎల్లుండి మంచం. అందుకా?"

మిగతాది సింకులో వంపేసింది.

"నాకు లేని అదృష్టం సింకుకు పట్టింది," అని నిట్టూర్చాడాయన.

ఇక మిగిలినవి జొన్నది, బియ్యంది, సజ్జది. జొన్నది పుల్లగా మొదలై చివర్లో కొంచెం తియ్యగా తేలింది. సజ్జదానికి నురగ బాగానే ఉంది కానీ తడిమట్టి వాసన. బియ్యందానిలో ఏమీ లేదు, మింగాక నోట్లో ఏదీ మిగలదు. ఒక్కోదాని మధ్య నీళ్లు పుక్కిలించి, మళ్లీ గుక్కెడు తాగి, కాగితం మీద రాసుకుంది. కొట్టేసింది. మళ్లీ రాసింది.

"నాలుగుసార్లు మార్చావు. ఎందుకే అంత బెంగ? బీరు బాగుంటే పెళ్లయ్యాక కూడా ప్రతి ఆదివారం వచ్చేస్తాడనా?"

ఆమె భయమే అది. ఇన్నేళ్లలో ఒక్క ఆదివారం కూడా అబ్బాయి ఈ ఇంట్లో భోజనం మానలేదు. రేపటి తర్వాత అమ్మాయి ఉద్యోగం చేసే ఊరికి మారిపోతున్నాడు. రైల్లో నాలుగు గంటలు.

"రాకపోతే అడిగే హక్కు మనకేదీ," అన్నాడు భర్త, ఈసారి నవ్వకుండా.

సాయంత్రం అబ్బాయి వచ్చాడు. నిలబడే మూడూ రుచి చూశాడు.

"జొన్నది బాగుంది కదూ బాబూ?" అంది ఆమె ఆత్రంగా.

"బాగుంది. కానీ విందుకు బియ్యందే తీసుకెళ్తాను."

"అదా! అందులో రుచే లేదన్నారే ఈయన."

"అందుకేనండీ. తాగితే ఏదీ గుర్తుకు రాదు." జొన్న సీసా ఆమె వైపు జరిపాడు. "జొన్నది మీ ఫ్రిజ్‌లోనే ఉంచండి. ఆదివారాలు వచ్చినప్పుడు తాగుతాను."

"వస్తావా?"

"ఇద్దరం వస్తాం. తనే అడిగింది, రావచ్చా అని."

ఆమె సంతోషించాలి. కానీ చేతకాలేదు. ఆదివారానికి ఇంటికొచ్చేస్తానని ఆస్పత్రి మంచం మీంచి నవ్వుతూ చెప్పి, రాకుండా పోయిన మనిషిని ఆమె చూసింది. వస్తానన్న మాటంటే అప్పటి నుంచీ ఆమెకు భయమే.

అబ్బాయి సంచిలోంచి ఒక కాగితం తీశాడు. 'వరుడి తరఫు పెద్దలు' అని ఉన్న చోట వేలు పెట్టాడు.

"ఇక్కడ మీరు సంతకం పెట్టాలి. కష్టమనిపిస్తే చెప్పండి, ఆఫీసులో ఎవరితోనైనా పెట్టిస్తాను."

"ఎవరో ఎందుకూ, నేను లేనూ?"

గ్లాసులు పక్కకు జరిపి, తడి తుడిచి, కాగితం పరుచుకుంది. పేరు పూర్తిగా రాసింది.

ఆరేళ్ల కిందట ఇలాంటి కాగితం మీదే, ఇదే అబ్బాయి పేరుకు ఎదురుగా, ఆమె పెళ్లికూతురి తల్లిగా సంతకం చేసింది.