మంచి ధర

"కూడిన లాభం డివిడెండుగా పంచితే తలా కాస్త వస్తుంది, ఇట్టే ఖర్చయిపోతుంది," అన్నాడు అన్న, కొత్త గొడుగు తెరిచి చూస్తూ. "బైబ్యాక్ మేలు. ఆ డబ్బుతో కంపెనీయే నీ షేర్లు కొనేస్తుంది."

గొడుగుల ఫ్యాక్టరీలో అతనికీ ఇద్దరు చెల్లెళ్ళకీ సమాన వాటాలు. చిన్న చెల్లెలు బట్ట కత్తిరించడం ఆపలేదు.

"కొని ఏం చేస్తారు?"

"రద్దు చేస్తాం. మా ఇద్దరి వాటాలూ వాటంతటవే పెరుగుతాయి."

"మరి నాకు?"

"మంచి ధర ఇస్తాం తల్లీ. మళ్ళీ రమ్మన్నా రాదు."

"అంత మంచి ధరా?"

"నా మాట నమ్ము."

"నమ్మాను. పెద్దవాడివి, ముందు నీ షేర్లే అమ్మెయ్. మేమిద్దరం ఎలాగో సర్దుకుంటాం."

పెద్ద చెల్లెలు నవ్వు కనపడకుండా గొడుగు అడ్డం పెట్టుకుంది.

అన్న చేతిలోని గొడుగు మూశాడు. "ఇన్నేళ్ళ ఫ్యాక్టరీ వదిలేసి నేనెక్కడికి పోతానే?"

చిన్న చెల్లెలు కత్తెర కింద పెట్టింది. "నేను మాత్రం ఎక్కడికి పోతాను అన్నయ్యా?"

అతను గొడుగు తీసుకెళ్ళి గోడకు ఆనించాడు.

"డివిడెండు శుక్రవారానికల్లా అందరి ఖాతాల్లో వేయించనా?"