ఎవరితో నవ్వుతోంది?

రోజూ కరీంనగర్ పోయి ఎం.బి.ఏ. చదువుతానని ఆరాధన అడిగితే, ఆమె భర్త బెన్నీ వద్దన్నాడు.

"బస్సులల్ల గా పరేషాన్ ఎందుకు? ఆన్‌లైన్‌ల చదువు. ఇంట్లనే ఉంటవు, నా కండ్ల ముందట."

కాలేజీ ఉండదు, తోటివాళ్లు ఉండరు, లైబ్రరీ ఉండదని ఆమె చెప్పి చూసింది. చివరికి సరేనంది.

ఇప్పుడు కళ్ల ముందే ఉంది. కానీ సుల్తానాబాద్‌లో ట్రాక్టర్లు బాగుచేసి అతను ఇంటికొచ్చేసరికి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ల్యాప్‌టాప్ చూస్తూ నవ్వుతుంటుంది. పలకరిస్తే, "క్లాసుల ఉన్న, జర ఆగు" అంటుంది. తన దగ్గర ఆమె అలా నవ్వి ఎన్నాళ్లయిందో బెన్నీకి గుర్తు రాలేదు.

ఆ సాయంత్రం ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఎవనితోని గంత నవ్వుతున్నవ్?"

ఆరాధన కోప్పడలేదు. పక్కకు జరిగి అతన్ని కూర్చోబెట్టి, ఒక ఇయర్‌ఫోన్ తీసి అతని చెవిలో పెట్టింది.

"నువ్వే విను."

తెర మీద చిన్న చిన్న గళ్లలో పదిహేను, ఇరవై ముఖాలు. ఎవరో పెద్దావిడ ఇంగ్లిషులో పాఠం చెబుతోంది. మధ్యలో ఆవిడ ఏదో అనగానే అందరూ నవ్వారు. ఆరాధన కూడా నవ్వింది. బెన్నీకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

ఆ నవ్వు వెనక ఎవడో ఒక మగవాడు ఉన్నా బాగుండేదనిపించింది. పోయి వాడితో కొట్లాడేవాడు.

క్లాసు అయిపోయేదాకా లేవలేదు. ఆమె ల్యాప్‌టాప్ మూస్తుంటే, అటువైపు చూడకుండా అడిగాడు:

"ఇంటర్ ఫెయిలైనోళ్లు మల్ల చదువుకునేటిది గిట్ల ఆన్‌లైన్‌ల ఉంటదా?"