పక్క మంచం పెద్దాయన

"మరి రెండో కిడ్నీ ఏమైంది బాబూ?"

మంచాల మధ్య తెర తొలగించి మరీ అడిగాడు పక్క మంచం పెద్దాయన.

ఒంటి కిడ్నీతో ఆసుపత్రిలో చేరిన వెల్డర్ గడ్డంతో కుర్చీ వైపు చూపించాడు. "అదిగో, అక్కడ కూర్చుని యాపిల్ కోస్తోంది."

కుర్చీలో అతని భార్య. చేతిలో చాకు.

"పెళ్ళైన కొత్తల్లో మా ఆవిడకి రెండూ పాడైపోయాయి. నాదొకటి ఇచ్చాను. ఆ రోజు నుంచి నా మాట వినడం మానేసింది. నా కిడ్నీయే నా మీద తిరగబడిందని సరిపెట్టుకున్నా."

పెద్దాయన పకపకా నవ్వాడు. భార్య నవ్వలేదు. లేచొచ్చి తెర బర్రున లాగేసింది.

"ముక్కూ మొహం తెలీని మనిషి. అందరికీ మన గోడు చాటింపు వెయ్యాలా?"

ఆవిడ చిరాకుకి కారణం ఉంది. భర్తకి మిగిలిన ఆ ఒక్క కిడ్నీలోనే గడ్డ. లోపల రక్తం కారుతోంది. ఆ ఉదయమే సర్జన్ తెర పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"గడ్డ పడకూడని చోట పడింది. రోబోతో అయితే గడ్డ వరకే కోసి, కిడ్నీ మిగల్చగలనన్న నమ్మకం ఉంది. మామూలు ఆపరేషన్ అయితే మొత్తం తీసెయ్యాల్సి రావచ్చు. మా దగ్గర రోబో ఒక్కటే. ఈ నెలంతా ఖాళీ లేదు. మీరేమో ఎల్లుండి దాకా కూడా ఆగకూడదు."

మొత్తం తీసేస్తే డయాలసిస్. ఆ యంత్రానికి కట్టేసిన బతుకు ఎలా ఉంటుందో ఆవిడకి ఒకరు చెప్పనక్కర్లేదు.

మధ్యాహ్నం సర్జన్ మళ్ళీ వచ్చాడు.

"రేపు పొద్దున రోబో మీకే. ఖాళీ వచ్చింది."

ఎలా వచ్చిందని ఆవిడ అడగలేదు. అడిగితే ఎక్కడ పోతుందోనని భయం.

సాయంత్రం నీళ్ళు పట్టుకుని వస్తుంటే, పెద్దాయన సర్జన్ గదిలోంచి బయటికి రావడం కంటపడింది. మధ్యాహ్నం భోజనానికి ముందు కూడా ఆయన ఆ గదిలోకి వెళ్ళడం చూసింది. నర్సుని పట్టుకుంది.

"ఆయనకేంటి జబ్బు?"

"ఆయనకీ కిడ్నీలో గడ్డేనండీ. ఆయనా రోబో కోసమే చేరారు."

ఆవిడకి అంతా అర్థమైపోయింది. గబగబా వెళ్ళి దారికి అడ్డం నిలబడింది.

"పెద్దాయనా, డాక్టరుగారితో ఏంటి మంతనాలు?"

"ఏం లేదమ్మా. చిన్న మాట మాట్లాడాల్సి వచ్చి..."

"ఎవరి చేత చెప్పించారు? మీకు పలుకుబడి ఉండొచ్చు. మా ఆయనకి ఉన్నది ఒక్కటే. ఆ రోబో మీద కన్నేశారంటే మీకు పుట్టగతులుండవు!"

వరండాలో నడిచేవాళ్ళు ఆగిపోయారు. పెద్దాయన ముఖం ఎర్రబడింది.

"కంగారు పడకమ్మా. నీ కేక విన్నాక ఆ రోబో మీ ఆయన్ని తప్ప ఇంకెవర్నీ ముట్టుకోదు."

"నా దగ్గర వేళాకోళాలొద్దు!"

ఆవిడ అక్కడితో ఊరుకోలేదు. ఈయన పక్కన ఉంటే మేం ఉండమని నర్సుతో పోట్లాడి, ఆయన్ని వేరే వార్డుకి మార్పించింది. పెద్దాయన తన దుప్పటి తనే మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. వెళ్తూ వెల్డర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"మరీ అంత నోరేంటే? పాపం, వయసులో పెద్దాయన," అన్నాడు వెల్డర్.

"మీకు తెలీదు, ఊరుకోండి. ఏమరుపాటుగా ఉంటే మన నోట్లో మట్టి కొట్టేవాడు."

తెల్లారింది. థియేటర్లో వెల్డర్ తల తిప్పి చూశాడు. ప్లాస్టిక్ తొడుగులేసిన రోబో చేతులు నాలుగు గాల్లో నిలబడి ఉన్నాయి. సర్జన్ గది మూల ఓ పెద్ద డబ్బా ముందు కూర్చుంటున్నాడు.

"మీరు నా దగ్గరికి రారా సార్?"

"ఇక్కణ్ణుంచే చేస్తాను. నా వేలు ఎలా కదిలితే దాని వేలు అలా కదులుతుంది."

"నా పనీ అంతేలెండి. ముఖం అద్దం వెనక దాచుకుని అతుకులెయ్యడం. కానివ్వండి సార్, అతుకు మాత్రం గట్టిగా పడాలి."

మత్తుమందిచ్చే డాక్టరు నవ్వుతూనే ముఖానికి మాస్కు పెట్టాడు.

బయట భార్య కూర్చోలేదు. గోడకి ఆనుకుని, తలుపు మీదే చూపు నిలిపింది. చాలాసేపటికి ఆ తలుపు తెరుచుకుంది.

"కిడ్నీ నిలబడింది," అన్నాడు సర్జన్. "గడ్డ వరకే తీసి కుట్టేశాం. మీవారు బాగున్నారు."

ఆవిడ బల్ల మీద కూలబడి ఏడ్చేసింది. ఏడుస్తూనే నవ్వింది.

"మీ మేలు మర్చిపోలేను సార్. ఆ పెద్దాయన ఎక్కడ ఎగరేసుకుపోతాడోనని కంటి మీద కునుకు లేదు."

సర్జన్ నవ్వలేదు.

అప్పుడే పక్క థియేటర్లోంచి కుర్ర డాక్టరు వచ్చాడు. "స్కాన్‌లో చూశాం కదా సార్, గడ్డ లోపలికంటా ఉంది. కిడ్నీ మొత్తం తీసెయ్యాల్సి వచ్చింది. ఇంకా స్పృహ రాలేదు, కానీ భయం లేదు."

సర్జన్ తల మీది టోపీ తీసి చేత్తో నలిపాడు.

"ఎవరికి సార్?" అడిగింది ఆవిడ.

"మీ పక్క మంచం పెద్దాయనకి."

ఎంత కోపమున్నా ఆవిడ మనసు కలుక్కుమంది. "అయ్యో! ఆయనకి రోబో దొరకలేదా?"

"ఆపరేషన్లు అయ్యేదాకా మీకు చెప్పొద్దన్నారు," అంటూ సర్జన్ ఆవిడ పక్కన కూర్చున్నాడు. "ఈ పొద్దున రోబో వంతు ఆయనదేనమ్మా. 'నా ఒక్కడికే రెండున్నాయి, వాళ్ళిద్దరికీ కలిపి పనిచేసేవి రెండే' అని నిన్న నా గదికొచ్చి మీకు ఇచ్చేసి వెళ్ళారు."