బాలమల్లు చాటింపు

పటేల్ చెప్పమన్న మాటలే బాలమల్లు డప్పు కొట్టి చాటాడు.

"ఇనుండ్రి! మన ఊరోడు ఎవడో లక్సెట్టిపేటకు పోయి ఏసు ప్రార్థనల కూసుంటుండట. ఆనికి నీళ్ళు బంద్, నిప్పు బంద్. ఆనితోని మాట్లాడినోళ్ళకు జుర్మానా!"

మూడు వాడలూ తిరిగాడు. చేతులు వాటంతటవే కొడుతున్నాయి. గొంతు ఇంకెవరిదో అనిపించింది.

చివరికి పటేల్ వాకిట్లోకి వచ్చాడు.

"ఆడెవడో ఎరుకైందారా?" అరుగు మీంచి అడిగాడు పటేల్.

బాలమల్లు మళ్ళీ డప్పెత్తాడు. మూడు వాడలకూ వినబడేలా చాటాడు.

"ఇనుండ్రి! ఏసును మొక్కేది నేనే. నాకు నీళ్ళు బంద్, నిప్పు బంద్. నాతోని మాట్లాడినోళ్ళకు జుర్మానా!"

తిట్టడానికి నోరు తెరిచిన పటేల్, డప్పు విని వాకిట్లో చేరిన జనాన్ని చూసి మూసుకున్నాడు.