బట్టలుతికే బండ మీద చారలు

మా మనవరాలు రాళ్ల సైంటిస్టు. ఇవాళ పెరట్లో నేను బట్టలుతికే బండ చూసి గావుకేక పెట్టింది.

"అమ్మమ్మా! చీపురు పుల్లలు పరిచినట్టు ఈ చారలు చూడు! ఉల్క పడిన దెబ్బకే ఇలా వస్తాయి!"

నేను గబుక్కున ఆకాశం కేసి చూశాను. "ఎప్పుడు పడిందే? గొయ్యి ఏదీ?"

"యాభై కోట్ల ఏళ్ల కిందట. గొయ్యి ఎప్పుడో అరిగిపోయింది, గుర్తు రాతిలో మిగిలింది. అలాంటిది మళ్లీ పడాలంటే కోట్ల ఏళ్లు పడుతుందిలే."

"ఆ కోట్ల ఏళ్లూ అయిపోయాయి కదే!"

అది పగలబడి నవ్వి, రాళ్ల పనికి పెట్టుకునే తన హెల్మెట్ తీసి నా నెత్తిన పెట్టి, చారలు కొలుస్తూ కూర్చుంది.

మరి దాని తలకో? పెద్ద బాణలి తెచ్చి, చేతులు పీకుతున్నా దాని నెత్తి మీద పట్టుకుని నిలబడ్డాను.

"ఎండ తగలకుండా నీడ పట్టావా, బంగారం!" అంటోంది పిచ్చిది.